పూలముడి – మనస్సు

జపమాల చేతబట్టి కూర్చున్న మన మనస్సు ఎచ్చటెచ్చటనో తిరుగును. పొయ్యిమీది పాలు, రావలసిన బాకీ, అల్లుడు అన్న మాట – ఇది పాఠకులలో అనేకులకు అనుభవమే. అదే మనస్సు పూలమాల కట్టునపుడు అంతగా చలింపదు. నారముడి వదులైనచో పువ్వు జారిపోవును; మిక్కిలి బిగించినచో కాడ తెగును. పనియే మనస్సును పిలిచి కూర్చుండబెట్టును.

మనస్సు గాలివలె పట్టరానిదని అర్జునుడు మొరపెట్టుకొనగా, భగవానుడు గీత ఆరవ అధ్యాయమున అది నిజమేనని అంగీకరించి, అభ్యాసమును వైరాగ్యమును ఉపాయములుగా చెప్పెను. అభ్యాసమును పూలముడి నేర్పగలదు. వైరాగ్యము మాటేమి? ఏకాగ్రత కన్నము వేయు దొంగకును కలదు గదా!

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులు, అనగా పెరియాళ్వారులు, నందనవనమును పెంచి వటపత్రశాయికి మాలలు సమర్పించుటయే కైంకర్యముగా జీవించిరి. నేటి మాల రేపటికి నిర్మాల్యము. ఎంత నేర్పుతో కట్టినను దాచుకొన వీలులేదు. తెల్లవారినచో మరల క్రొత్త పువ్వులు, క్రొత్త ముడులు. చేతిపని అంతయు శ్రద్ధతో చేసి, చేసినదానిని విడిచిపెట్టుట ఎంత కష్టమో కట్టినవారికే తెలియును.

ఒక ఉత్సవదినమున నేను కట్టిన మాలను మూలమూర్తికి గాక ద్వారపాలకునికి అలంకరించిరి. దర్శనమున నిలిచినంతసేపు నా చూపు ఆ మాలపైననే ఉన్నది. ఆనాడు స్వామిని చూచినట్లు జ్ఞాపకము లేదు. ప్రతి ముడికిని నిలిచిన మనస్సు సన్నిధిలోనే జారిపోయినది.

మరునాడు వేకువనే మరల నార తడిపి కూర్చుంటిని.