పచ్చబొట్టును సమ్మతియును

శరీరముపై మాయని గుర్తు నుంచు నధికార మెవరిది? ప్రశ్న స్వల్పముగా దోచినను దీనియందొక ధర్మసూక్ష్మ మిమిడి యున్నది.

ఇటీవల రాజమహేంద్రవరమునకు జేరువనున్న కోరుకొండలో మేమొక గృహస్థుని యింటికి బోయితిమి. ఇరువదియేండ్ల యాయన కుమార్తె కుట్టుసూదిని పుల్లకు దారముతో గట్టి, కలములోని సిరాలో ముంచి, తన ముంజేత మూడు చుక్కలు పొడుచుకొనుచుండెను. తండ్రి మండిపడెను. ఆమె నాయనమ్మ ముంజేతి చుక్కలను జూపి, “నాయనమ్మకు దగినది నాకేల తగదు?” అని యడిగెను. “నాకు గూడ పొడువు, అక్కా!” యని యెనిమిదేండ్ల చెల్లెలు చేయి చాచెను.

తండ్రి మా యభిప్రాయము గోరెను. మేము వృద్ధురాలి నడిగితిమి: “అమ్మా, మీరు కోరి పొడిపించుకొంటిరా?”

“నన్నెవ రడిగినారు బాబూ? నాకప్పు డాఱేండ్లు. ఎఱుకల యామె వీధిలోనికి వచ్చినది. మా యమ్మ నన్ను ఒడిలో అదిమి పట్టుకొన్నది. దీపపు మసిని ఆకుపసరుతో కలిపి, సూదులతో పొడిచి, పైన పసుపు రాచినారు. చచ్చిన వెనుక వెంట వచ్చునది ఇదొక్కటే యన్నారు.”

చితిపై చర్మమే కాలగా గుర్తు నిలుచు టెట్లు? అయినను మా యాక్షేపణ యా నమ్మికపై గాదు; అడుగక పొడుచుటపై.

వయసు వచ్చినవారు తమ దేహముపై దా ముంచుకొను గుర్తు దోషము గాదని మా తలంపు. వ్రతము పట్టువాడును రేపటి తన్ను నేడే కట్టుకొనుచున్నాడు గదా! చెల్లెలి సంగతి వేఱు. ఆమెయు నిష్టపడియే చేయి చాచె నందురేమో. పూర్వము పెండ్లిపీటపై గూర్చున్న బాలికలును క్రొత్తచీరను, నగలను జూచి మురిసిరి. ఆ మురిపెము సమ్మతి గాదు. అట్లెవరో వేసిన ముడికి బాలిక జీవితాంతము బద్ధురాలు గానక్కఱలేదని, 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జరిపించిన వితంతువివాహము చాటెను. 1929నాటి శారదాచట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్లు నియమించెను, నేడది 18.

2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞు లెలుకలపై శోధించి యొక వింతను గనుగొనిరి. పచ్చబొట్టు రంగును మ్రింగి పట్టియుంచు చర్మకణములు కొంతకాలమునకు జచ్చును. అవి విడిచిన రంగును క్రొత్తకణములు మరల మ్రింగును. బొట్టు నిలుచు టందుచేతనే. ఆచారమును నట్టిదే. ఒక తరము విడిచినదానిని మఱియొక తరము గ్రహించుటచేతనే యది నిలుచుచున్నది. స్వేచ్ఛను గోరి సూది పట్టిన యక్క, చెల్లెలి చేతిని బట్టిన క్షణమున తన తాతమ్మయే యగును.

మఱియు కలపు సిరా దేహమునకై చేసినది గాదు. శుద్ధిలేని సూదిచే పుండ్లు గలుగును; ఒకరి నెత్తు రంటిన సూది హెపటైటిసు వంటి కాలేయరోగములను రెండవవారికి దెచ్చును. కావున సూదిని విడిచి యొక యేడా దాగుమనియు, అప్పటికిని కోరిక నిలిచినచో పనిలో నేర్పు గలవారిచే క్రొత్తసూదితో పొడిపించుకొమ్మనియు పెద్దదానికి జెప్పితిమి. చిన్నదానిని పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట నడుగుమంటిమి.

చదువరులారా, మన బిడ్డలపై మన ముంచు గుర్తులన్నియు సూదితో నుంచునవి గావు. వారి పేర, వారి నడుగక మనము నేడు చేయుచున్న నిర్ణయములలో రేపు మాపరానివి యెన్నియో యోచింపుడు.