క్వాంటం పేరుతో ఆత్మ తిరిగొస్తోందా?



ఈమధ్య మన ఫోన్లలోకి కొన్ని వీడియోలు వస్తున్నాయి. "ఆత్మ ఉందని క్వాంటం సైన్సు తేల్చేసింది" అంటున్నారు. మన పిల్లలు అడుగుతారు: సైన్సే ఒప్పుకుంటే, మనం ఆత్మ లేదని ఎట్లా అంటాం?

తప్పించుకోవాల్సిన ప్రశ్న కాదిది. ఆత్మ ఒంటరిగా రాదు. దాని వెనకాలే పూర్వజన్మ కర్మ వస్తుంది. ఆ వెనకాల "పోయిన జన్మలో చేసుకున్నావు, అందుకే ఈ కులంలో పుట్టావు" అనే మాట వస్తుంది. మన తాతలు ఊరి చివర నిలబడి విన్న మాట అది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మన నెత్తిమీంచి దించిన మూట అది.

సైన్సు నిజంగా ఏమంటోందో చూద్దాం. బ్రిటన్ శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ 1989లో ఒక పుస్తకం రాశారు. మనిషి గణితాన్ని అర్థం చేసుకునే తీరు ఏ కంప్యూటర్ లెక్కకూ అందదని, కాబట్టి మెదడులో క్వాంటం నియమాల పాత్ర ఉండాలని ఆయన వాదన. ఆయనకు 2020లో నోబెల్ వచ్చింది కదా అంటారు. వచ్చింది, కానీ బ్లాక్ హోల్స్ మీద చేసిన పనికి! అమెరికాలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు స్టువర్ట్ హామెరాఫ్ ఆయనతో కలిశారు. నరాల కణాల్లో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి గొట్టాలుంటాయి, క్వాంటం పని జరిగేది అక్కడే అన్నారు.

2000లో మాక్స్ టెగ్‌మార్క్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క కట్టారు. మెదడు వెచ్చగా, తడిగా ఉంటుంది. సెకనును పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్క కాలంలోనే ఆ సున్నితమైన క్వాంటం స్థితి చెదిరిపోతుందని తేల్చారు. నరం స్పందించడానికి సెకనులో వెయ్యో వంతైనా కావాలి. హామెరాఫ్ పక్షం ఆ లెక్కను ఒప్పుకోలేదు. వాదన ఇంకా నడుస్తోంది. నడవనివ్వండి. కొన్ని పక్షులు దారి కనుక్కోవడంలో క్వాంటం పాత్ర ఉండొచ్చని కూడా పరిశోధిస్తున్నారు. ప్రాణుల్లో అది అసలుండదని మనం మొండికేయక్కర్లేదు.

సరే, రేపు పెన్‌రోజే గెలిచారనుకుందాం. అప్పుడు మాత్రం ఆత్మ రుజువవుతుందా? హామెరాఫ్ వృత్తే చూడండి. ఆయన ఇచ్చే మత్తు గాలి నాలుగు శ్వాసలు పీలిస్తే ఎరుక ఆగిపోతుంది. ఆపేస్తే మళ్ళీ వస్తుంది. గాలితో ఆరి, గాలితో వెలిగేది నిత్యమైన ఆత్మ ఎట్లా అవుతుంది? చనిపోయాక కూడా ఆ సమాచారం నిలవొచ్చేమోనని హామెరాఫ్ అన్నమాట నిజమే. అది ఊహ, రుజువు కాదు.

ఈ తగువు కొత్తది కాదు. మజ్ఝిమ నికాయంలో సాతి అనే భిక్ఖువు ఉన్నాడు, చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. (సంఘంలో ఆ బిడ్డ కూడా అందరితో సమానంగా కూర్చొని వాదించాడు, అది కూడా చూడండి.) ఒకే విఞ్ఞాణం మారకుండా జన్మ నుంచి జన్మకు పోతుందని అతని పట్టు. భగవానుడు పిలిపించి, ఏ విఞ్ఞాణం సాతీ అని అడిగారు. మాట్లాడేది, అనుభవించేది, చేసిన మంచి చెడ్డల ఫలం అక్కడా ఇక్కడా పొందేది అన్నాడతను. నేనెప్పుడు అట్లా చెప్పానని భగవానుడు గట్టిగానే మందలించారు. తర్వాత మంట సంగతి చెప్పారు. కట్టెలతో మండితే కట్టెల మంట, పిడకలతో మండితే పిడకల మంట, ఊకతో మండితే ఊక మంట. కంటినీ రూపాన్నీ ఆధారం చేసుకుని పుట్టింది కంటి విఞ్ఞాణం, చెవినీ శబ్దాన్నీ ఆధారం చేసుకుని పుట్టింది చెవి విఞ్ఞాణం. ఆధారం పోతే అదీ పోతుంది.

ఆ గొట్టాల్లో క్వాంటం పని జరుగుతుందని తేలినా, మంటకు ఇంకొక రకం కట్టె దొరికినట్టే. పేదల దుస్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పనికొచ్చిందని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో రాశారు. ఏ ప్రయోగశాలా ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టలేదు.

ఆ వీడియో ఇంకెవరికైనా పంపేముందు, మీకు పంపినవారిని సాతిని అడిగిన ప్రశ్నే అడగండి: ఏ విఞ్ఞాణం? దేన్ని ఆధారం చేసుకుని?