తెలిసి చేయని పాపం

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. ఆ గుడికి దగ్గర్లోనే సముద్రం. ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక మీద వాటి జాడలూ కనిపిస్తాయి, కళేబరాలూ కనిపిస్తాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికైతే చచ్చిన తాబేళ్లు వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి.

వాటిని చంపాలని ఎవరూ వేటకు బయల్దేరలేదు. చాలామంది మత్స్యకారులకు తాబేలు దేవుడితో సమానం. ప్రాణంతో వలలో కనబడితే దండం పెట్టి నీళ్లలో వదిలేసేవాళ్లున్నారు. మరి ఈ చావులు ఎవరి ఖాతాలో రాయాలి?

రొయ్యల కోసం మరబోటు లాగే ట్రాల్ వల నీటి అడుగున గంటల తరబడి ఉంటుంది. తాబేలుకు మొప్పలుండవు, గాలి కోసం పైకి రావాల్సిందే. వలలో చిక్కుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని ఆంధ్రప్రదేశ్‌లో నిబంధన ఉంది. తాబేళ్లు గుమిగూడేది ఆ నీళ్లలోనే, రొయ్యలు బాగా పడేదీ అక్కడే కాబట్టి బోట్లు ఆ గీత దాటి వస్తాయి. వల పైకి తీసేసరికి భక్తి చూపించే అదను దాటిపోయి ఉంటుంది.

భక్తి పనిచేసిన చోటు లేకపోలేదు. గుజరాత్ తీరంలో ఒకప్పుడు తిమింగల సొరను కాలేయపు నూనె కోసం, మాంసం కోసం పనిగట్టుకుని వేటాడేవారు. 2001లో దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చింది. అయితే మనసులు మార్చింది 2004లో మొదలైన ప్రచారం. రామకథా ప్రవచనకర్త మొరారీ బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుగా చూడమన్నారు. అప్పటినుంచి బెస్తలు సొంత వలలు కోసి మరీ వందల సొరలను వదిలిపెట్టారు. కోసిన వలకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. ఆడపడుచు మీద ప్రేమ, వలకు డబ్బు రెండూ కలిసి నడిచాయి.

అక్కడ మారాల్సింది చంపాలన్న ఉద్దేశం. తాబేలు విషయంలో మార్చడానికి ఆ ఉద్దేశమే లేదు.

ఈ చిక్కుముడి పాతదే. బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో బుద్ధుడికీ, మహావీరుడి గృహస్థ శిష్యుడు ఉపాలికీ మధ్య ఇలాంటి వాదమే నడుస్తుంది. దేహంతో చేసే పని బరువైనదా, మనసుతో చేసేదా? మనసుదే అంటాడు బుద్ధుడు. ఆ లెక్కన రొయ్యల బోటు దాదాపు నిర్దోషి. అయితే జైన సంప్రదాయం ఈ ప్రశ్నను అంతటితో వదల్లేదు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం అజాగ్రత్తతో ప్రాణం తీయడాన్నే హింస అంది. జైన సన్యాసి నేల చూసుకుంటూ అడుగు వేసేది అందుకే. ఏటా అదే తీరంలో, అదే రోజుల్లో, అదే వలలో తాబేళ్లు చస్తాయని తెలిశాక ‘అనుకోకుండా’ అన్న మాటకు బలం తగ్గుతుంది.

జాగ్రత్తకు పనిముట్టు ఉంది. టెడ్ అంటారు. వల మెడలో అమర్చే ఊచల చట్రం అది. రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్క కంతలోంచి బయటపడుతుంది. దీనికి మూలరూపం తయారుచేసింది అమెరికాలోని జార్జియా రాష్ట్రపు రొయ్యల వేటగాడు సింకీ బూన్. వల నిండా జెల్లీ చేపలు పడుతుంటే విసిగిపోయి, వాటిని వదిలించుకోవడానికి చేసుకున్నాడు. తాబేళ్ల ధ్యాసే లేని ఆ పనివల్ల తాబేళ్లు బతికాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు టెడ్‌ను రూపొందించింది. అయినా బోటు యజమానులకు అది రుచించదు. తాబేలుతో పాటు కొంత వేట కూడా ఆ కంతలోంచే జారిపోతుందని వాళ్ల బాధ.

ఆ నష్టం ఎవరు మోయాలన్నది కూడా ధర్మ ప్రశ్నే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల భృతి ఇచ్చింది. సముద్రానికి ఇచ్చే విశ్రాంతి ఖర్చులో అందరికీ వాటా ఉందని ఒప్పుకోవడమే అది.

పాపపు లెక్కలోనూ మనుస్మృతి చంపినవాడితో ఆగదు. ఒప్పుకున్నవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ హంతకులే అంటుంది. అశోకుడి అయిదో స్తంభ శాసనం కొన్ని తిథుల్లో చేపలను చంపడమే కాదు, అమ్మడం కూడా కూడదంది. 2019లో అమెరికా టెడ్ లేదన్న కారణంతో మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు. అంతదూరాన కొనేవాడు ఏ వలలో పడిందని అడిగాడు. హైదరాబాద్ చేపల మార్కెట్లో బేరం మాత్రం ధర దగ్గరే తేలిపోతుంది. ఏ వలలో పడిన రొయ్య అని ఇక్కడ కొనేవాళ్లు అడగనంతకాలం, టెడ్ బిగించుకున్న బోటుకు పైసా ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం వ్యాపారికి రాదు.