గురువునైనా పరీక్షించాలి



"కథ నిజమో అబద్ధమో మనకెందుకండీ, అందులో మంచి ఉంటే చాలదా?" అని కొందరు అడుగుతుంటారు. నిజంగా చాలునా? ఒక ఉదాహరణ చూద్దాం.

అమెరికాలో కార్లోస్ కాస్టనెడా అనే మానవశాస్త్ర విద్యార్థి 1968లో ఒక పుస్తకం వెలువరించాడు. మెక్సికోలోని యాకీ తెగకు చెందిన డాన్ హువాన్ అనే మాంత్రికుడికి శిష్యరికం చేశానని, అంతా కళ్లారా చూసిందేనని రాశాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది, 1973లో డాక్టరేటు కూడా ఇచ్చింది. ఇక అనుమానించేదెవరు? లక్షల మంది చదివారు. కొత్త ఆధ్యాత్మిక బృందాలెన్నో ఆ పుస్తకాల్లోంచి మాటలు, సాధనలు తీసుకున్నాయి.

1976లో రిచర్డ్ డి మిల్ అనే రచయిత ఆ పుస్తకాలను పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూశాడు. పొంతన కుదరలేదు. అందులోని పెయోటీ సాధన యాకీల ఆచారమే కాదని పరిశోధకులు చెప్పారు.

నష్టపోయిందెవరు? ముందు యాకీలు. 20వ శతాబ్దం మొదట్లో వాళ్లను సొంత నేల నుంచి యుకటాన్ తోటల్లో వెట్టికి తరలించారు. లోకం ఆ కన్నీటిని వినలేదు గానీ, వాళ్ల పేరు మీద అల్లిన మాంత్రికుణ్ణి మాత్రం నెత్తిన పెట్టుకుంది. తర్వాత శిష్యులు. 1998లో కాస్టనెడా చనిపోయాక, ఆయన్నే నమ్ముకున్న కొందరు స్త్రీలు కనబడకుండా పోయారు. ఒకామె ఎముకలు 2003లో డెత్ వ్యాలీ ఎడారిలో దొరికాయి.

ధమ్మం కథలకు విరోధి కాదు. బుద్ధుడే తెప్ప ఉపమానం చెప్పాడు. కానీ ఉపమానాన్ని ఉపమానమనే చెప్పాడు. కల్పనను కళ్లారా చూసినట్టు చెప్పడం ముసావాదం. తనకు లేని లోకోత్తర స్థితి ఉందని తెలిసీ అబద్ధమాడిన భిక్షువుకు సంఘంలో చోటే లేదు. అది నాలుగో పారాజికం.

మజ్ఝిమ నికాయంలో వీమంసక సుత్తం ఉంది. అందులో తథాగతుణ్ణి కూడా పరీక్షించమన్నాడు బుద్ధుడు. కంటికి కనబడే నడతలో, చెవికి వినబడే మాటలో మలినం ఉందేమో చూడమన్నాడు. శ్రద్ధ ఆ తర్వాతే.

కాబట్టి రేపు ఎవరైనా "హిమాలయాల్లో ఒక సిద్ధుడు నాకు రహస్యం చెప్పాడు" అంటే మొహమాటపడకండి. చూసిన వాళ్లెవరు? చెప్పేవాడి నడత ఎలా ఉంది? దాన్ని పాటిస్తే నాలో లోభం, ద్వేషం, మోహం తగ్గుతున్నాయా? ఈ మూడూ అడగండి. అడగొద్దన్న చోట ఒక్క క్షణం కూడా ఉండకండి.

భవతు సబ్బ మంగళం.