ముఖమూ, ముకురమూ

మనుష్యుడు తన ముఖాన్ని తాను ఎన్నడూ చూడలేడు; చూచేదంతా ప్రతిబింబాన్నే. ఎరిగిన ఈ సత్యమే ఇటీవల ద్వారకలో ఒక సాయంకాలం నాకు కొత్తగా తోచింది.

ఢిల్లీకి నైరృతిన, సెక్టార్లుగా విభజింపబడిన ఈ ఉపనగరంలో ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నవి. అటువంటి ఒక ఇంట, నా మిత్రుని కుమార్తె నన్ను అడిగింది: “బాబాయిగారూ, గడ్డం కింద ఈ కొవ్వు కరగడానికి ఇంజక్షన్లు చేయించుకుందామని ఉన్నది. తప్పంటారా?”

పన్ను పుచ్చితే వైద్యుని వద్దకు వెళ్ళేవారెవ్వరూ అది తప్పా అని అడుగరు. ఈమె ఎందుకు అడిగింది?

ముందుగా ఆ మందు సంగతి చూద్దాము. దాని పేరు డీఆక్సీకోలిక్ ఆమ్లం. తిన్న ఆహారంలోని కొవ్వు జీర్ణం కావడానికి తోడ్పడే ఈ పదార్థం మన పైత్యరసంలో సహజంగానే ఉన్నది. దానిని చర్మం కిందికి ఎక్కిస్తే కొవ్వు కణాల పొరలు ఛిద్రమై ఆ కణాలు నశిస్తవి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015లో దీనిని ఈ ప్రయోజనానికై ఆమోదించింది. ఒక విడతకు 50 వరకు సూది పోట్లు. విడతకూ విడతకూ నడుమ కనీసం ఒక నెల. మొత్తం 6 విడతలకు మించరాదు. తగ్గడానికి ముందు గడ్డం ఇంకా వాచుతుంది. కొందరికి మింగడం కష్టమవుతుంది. నరం దెబ్బతిని కొంతకాలం చిరునవ్వు ఒక పక్కకు వంకర పోవడమూ కలదు. శస్త్రం లేనంత మాత్రాన శ్రమ లేదనరాదు.

ఇది వట్టి వ్యామోహమని తీసివేయడం సులభం. కాని చెవులు కుట్టించుకోవడం, జుట్టుకు రంగు వేసుకోవడం మనలో ఎవరికి కొత్త? ప్రతి ఉదయమూ గడ్డం గీసుకొనే నేను ఏ ముఖం పెట్టుకొని ఆమెను నిందించగలను? శరీరాన్ని దిద్దుకోవడం దోషం కాదు. దిద్దుకోవాలన్న కోరిక ఎవరిది అన్నదే ప్రశ్న.

ఈ వెలితి తనకెప్పుడు కనిపించిందని అడిగాను. 2020లో కార్యాలయ సమావేశాలన్నీ ఇంటినుండే జరిగిన రోజులలోనట. బల్లమీది ఫోనులో పదిమంది ముఖాల నడుమ తన ముఖాన్ని గంటల తరబడి చూచుకున్నది. కింది నుండి చూచే కెమెరా ఎవరి చుబుకాన్నైనా పెంచే చూపుతుంది. మన శిల్పులు దేవతామూర్తుల కంఠాన మూడు ముడుతలను శుభలక్షణంగా చెక్కినారు. కవులు శంఖంతో పోల్చి కంబుకంఠమని మెచ్చుకున్నారు. ఏది అందమో కాలం నిర్ణయిస్తుంది. ఆ తీర్పును మనం మన అభిరుచి అనుకుంటాము.

ఆమె కొంతసేపు ఊరకుండి, “అమ్మకూ ఇలాగే ఉండేది” అన్నది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఈ కొవ్వు తిండివల్లనే రాదు. వంశంనుండి కూడా వస్తుంది. ఆమె తప్పా అని ఎందుకు అడిగిందో నాకప్పుడు బోధపడింది.

“తప్పు కాదమ్మా. విడతల నడుమ ఎలాగూ నెల ఆగాలి కదా, మొదటిదానికి ముందే ఒక నెల ఆగు. ఆ ఫోనును కంటి ఎత్తున పెట్టుకో. అప్పటికీ కోరిక నిలిస్తే అది నీదే; నిపుణుడైన వైద్యుని చూచి నిశ్చింతగా చేయించుకో” అన్నాను.

నెల గడిచింది. ఏమి నిశ్చయించుకున్నదో నేను అడుగలేదు. అడిగితే ఆమెకు నేను మరొక అద్దాన్నే అవుతాను.