కట్నాల పుస్తకం లేని విందు



ఆగమన కాలం మొదలైందంటే మన శ్రీరాంపూర్ కాలనీలలో రెండు రకాల లెక్కలు మొదలవుతాయి. ఒకటి, క్రిస్మసుకు ఇంకా ఎన్ని ఆదివారాలున్నాయన్న లెక్క. రెండవది, ఈ పండుగకు ఎంత ఖర్చవుతుందన్న లెక్క. కొత్తబట్టలు, కేకు, ఇంటిముందు నక్షత్రం, చుట్టాల రాకపోకలు, వీటితోపాటు ఆ సెలవుల్లోనే పెట్టుకునే పిల్లల జ్ఞానస్నానాలు. మొదటి లెక్క పిల్లలు వేళ్ళమీద వేస్తారు. రెండవది తల్లిదండ్రులు రాత్రిపూట నిద్రపట్టక వేస్తారు. ఈ వారం ఆ రెండవ లెక్క గురించి మాట్లాడుకుందాం. చూడడానికి అది డబ్బు విషయమే. కాని దాని వేరు మన విశ్వాసంలో ఉంది.

బిడ్డ పుట్టి ఏడాది దాటినా, రెండేళ్ళు నిండినా జ్ఞానస్నానం ఇప్పించని ఇళ్ళు మన మధ్య లేకపోలేదు. కారణం అడిగితే, "చేతిలో నాలుగు పైసలు ఆడనివ్వండి ఫాదర్, నలుగురికి అన్నం పెట్టాలె గదా" అంటారు. ఇది విశ్వాసం లేక అనే మాట కాదు. ఆ తల్లి రోజూ బిడ్డ నుదుట సిలువ గుర్తు వేస్తూనే ఉంటుంది. నలుగురిలో తక్కువైపోతామన్న భయమే ఆమెను ఆపుతున్నది. ఈ విషయంలో శ్రీసభ చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది. లతీను శ్రీసభ చట్టంలోని 867వ నిబంధన ప్రకారం తల్లిదండ్రులు పుట్టిన కొద్ది వారాలలోనే బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలి. తూర్పు శ్రీసభల చట్టంలోని 686వ నిబంధన కూడా, సక్రమమైన ఆచారాన్ని అనుసరించి వీలైనంత త్వరగా ఇప్పించాలనే చెబుతుంది. ఈ రెండు చట్టాలలో ఎక్కడా విందు మాట లేదు. నీళ్ళు కావాలి, విశ్వాసం కావాలి, జ్ఞాన తల్లిదండ్రులు కావాలి. బగారన్నం లేకపోతే సంస్కారం చెల్లదని ఏ గురువూ, ఏ మేత్రాణులూ చెప్పలేదు. విందు ఆగితే ఆగనివ్వండి. బిడ్డను మాత్రం ఆపకండి.

అయితే ఈ భయం ఎక్కడినుండి వచ్చింది? మన గుడిలో ఒకే బెంచీమీద కూర్చునే రెండు కుటుంబాలను చూడండి. ఇద్దరి తండ్రులూ సింగరేణిలోనే పనిచేస్తారు. ఒకరు పర్మినెంటు కార్మికుడు, మరొకరు కాంట్రాక్టు కార్మికుడు. 2024లో దసరాకు ముందు లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు ఉద్యోగులకు సగటున 1 లక్షా 90 వేల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారిగా ఆ ఏడాదే 5 వేల రూపాయలు ఇచ్చారు. బొగ్గు ఒకటే, దుమ్ము ఒకటే, దివ్యబలిపూజలో అందుకునే అప్పమూ ఒకటే. కాని ఒక ఇంటి విందు రెండవ ఇంటికి కొలబద్ద అయినప్పుడు ఆ రెండవ ఇల్లు అప్పుల్లో పడుతుంది.

ఆ అప్పు లెక్క కూడా ఒకసారి చూద్దాం. ప్లేటుకు 250 రూపాయలు అనుకున్నా 200 మందికి 50 వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18 వేలు వడ్డీయే అవుతుంది. అసలు అలాగే ఉంటుంది. ఇక రోజువారీ గిరిగిరి ఫైనాన్సు దగ్గర తెచ్చినవారి బాధ చెప్పనక్కరలేదు. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి కూడా జ్ఞానస్నానపు విందు అప్పు తీరదు. పాపపు బంధనం నుండి విడుదల పొందిన బిడ్డ పేరున తండ్రి మెడకు మరో బంధనం వేసుకోవడం ప్రభువుకు ఇష్టమా? ఆలోచించండి.

ఇంకొక అడ్డంకి కట్నాల పుస్తకం. విందు దగ్గర బల్లవేసుకుని ఒకరు కూర్చుంటారు. ఎవరు ఎంత చదివించారో పేరుతో సహా రాస్తారు. కొన్నిచోట్ల మైకులో కూడా చదువుతారు. ఈ ఆచారం చెడ్డ ఉద్దేశంతో పుట్టలేదు. ఒక ఇంట్లో ఖర్చు వచ్చినప్పుడు పది ఇళ్ళు తలా కొంత వేసి ఆదుకోవడం, తరువాత వారి ఇంట అవసరం వచ్చినప్పుడు వీరు తిరిగి ఇవ్వడం, ఇది వడ్డీలేని సహాయంగానే మొదలై ఉంటుంది. కాని ఇప్పుడు ఆ పుస్తకంలో వెయ్యిన్నూటపదహార్ల కింద నూటపదహార్లు రాయించుకోవడానికి సిగ్గుపడి, విందుకే రాని కుటుంబాలు ఉన్నాయి. పిలిచినవారు "ఎందుకు రాలేదో" అనుకుంటారు. రానివారు "నైట్ షిఫ్టు పడింది" అని చెబుతారు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు సరిగ్గా ఈ పుస్తకం గురించే మాట్లాడినట్లు అనిపిస్తుంది. విందు చేసినప్పుడు తిరిగి పిలవగల స్నేహితులను, బంధువులను, ధనవంతులైన ఇరుగుపొరుగువారిని కాదు, తిరిగి ఇవ్వలేని పేదలను పిలవమని ఆయన చెప్పాడు. తిరిగి ఇచ్చేవారు లేనప్పుడే ఆ విందు దేవుని ఖాతాలో పడుతుందని ఆయన బోధ. కట్నాల పుస్తకం తెరిచామంటే ఆ ఖాతా మూసినట్లే. కనీసం జ్ఞానస్నానం నాడైనా ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టండి.

ఇలా చెబుతున్నామంటే పండుగ వద్దని కాదు. ప్రభువు విందులను కాదనలేదు. కానా పెండ్లికి తల్లితో, శిష్యులతో కలిసి వెళ్ళాడు. ద్రాక్షారసం తక్కువైనప్పుడు ఆరు రాతిబానల నీళ్ళను ద్రాక్షారసంగా మార్చాడు. ఆ ఇంటివారి పరువు నిలబెట్టాడు. ముందుగా ఆ కొరతను గమనించింది ఎవరు? మరియమాత. ఆమె ఎవరికీ చాటలేదు, ఎవరినీ నిందించలేదు, నిశ్శబ్దంగా కుమారుని చెవిన వేసింది. మన కాలనీలో ఏ ఇంట కొరత ఉందో ముందుగా గమనించేది కూడా తల్లులే. ఆ కంటిచూపు దేవుడిచ్చిన వరం. దానిని చాడీలకు కాక సహాయానికి వాడండి.

మరి చేతిలో డబ్బు లేనివారు ఏమి ఇవ్వగలరు? పవిత్ర గ్రంథం రెండు ఇళ్ళు చూపిస్తున్నది. మొదటిది సమూవేలు తల్లి అన్నా. దేవాలయ సేవకు అప్పగించిన తన బిడ్డకు ఆమె ప్రతి ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేది. ఏడాదికేడాది బిడ్డ ఎంత ఎదిగి ఉంటాడో తలచుకుంటూ కొలత వేసుకుని ఉండాలి గదా! ఏ దుకాణంలో దొరుకుతుంది ఆ అంగీ? రెండవది యొప్పాలోని తబిత. ఆమె చనిపోయినప్పుడు పేదవితంతువులు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె నగలు కావు, ఆమె తమకు కుట్టి ఇచ్చిన బట్టలు. మరియమ్మ, జోజప్పగార్లు కూడా బాలయేసును దేవాలయంలో అర్పించినప్పుడు గొర్రెపిల్లను కొనలేని పేదలకు ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల జంటనే కానుకగా తెచ్చారు. ఇంతకంటె గొప్ప బిడ్డకు ఇంతకంటె చిన్న కానుక ఎవరు తెచ్చారు? అయినా ఆ కుటుంబం సిగ్గుపడలేదు.

కాబట్టి మన చేతులతో చేయగల కానుకలు కొన్ని చెప్పుకుందాం.

పసిబిడ్డకు బొంత. ఇంట్లో మెత్తబడిన పాత నూలు చీరలు ఉంటాయి. వాటిని ఉతికి ఎండలో ఆరవేసి, రెండు మూడు పొరలు పరచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే గజమున్నర బొంత రెండు మూడు మధ్యాహ్నాల్లో తయారవుతుంది. నానమ్మ చీర, అమ్మమ్మ చీర కలిసిన బొంతలో బిడ్డ పడుకుంటే, కొనుక్కొచ్చిన దుప్పటి దానికి సాటివస్తుందా?

జ్ఞాన తల్లిదండ్రులు ఇవ్వడానికి ముడుల జపమాల. జపమాలలో మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6, మొత్తం 59 పూసలు ఉంటాయి. పూసలకు బదులు గట్టి దారంతో చిన్న ముడులు, పెద్ద ముడులు వేస్తే చాలు. ఒక్కొక్క ముడి వేస్తూ ఆ బిడ్డకోసం ఒక ప్రార్థన చెప్పండి. తరువాత గురువులచే ఆశీర్వదింపజేయండి.

పిల్లలకు నక్షత్రం. వెదురు బద్దలు ఐదు చొప్పున కట్టి రెండు నక్షత్రాలు చేయండి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలూ కలిపి కట్టండి. లోపల బద్దలు ఒకదానినొకటి దాటేచోట ఐదు చిన్న పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. మైదా జిగురుతో రంగు కాగితం అతికించి లోపల వేడెక్కని చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. మీ పిల్లలచేత రెండు చేయించి ఒకటి పక్కింటికి ఇప్పించండి.

నోటికి సకినాలు. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడిగానే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి బట్టమీద చుట్లుగా తిప్పడం మన ఆడపడుచులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్కరే చేస్తే నడుము విరుగుతుంది, ఐదుగురు కూర్చుంటే పండుగ అవుతుంది. ఒక డబ్బా నిండా సకినాలు తీసుకువెళ్ళినవారు ఉత్తచేతులతో వెళ్ళినట్లు కాదు.

ఇక విందు. ముందు తేదీ గురించి. ఆదివారం పూజలోనే జ్ఞానస్నానం పెట్టుకుంటే విచారణ అంతా సాక్షిగా ఉంటుంది, వేరే హాలు అక్కరలేదు. తరువాత మనుషుల లెక్క. పేర్లు కాగితంమీద రాయండి. దగ్గరి బంధువులు, జ్ఞాన తల్లిదండ్రులు, మీ వరుసలోని ఇళ్ళు కలిపి నలభైమంది అనుకోండి. ఆ నలభైలో ఐదుగురు మీకు తిరిగి పెట్టలేనివారై ఉండాలి, ఈ నియమం మరువకండి. నలభైమందికి ఐదు కిలోల బియ్యంతో బగారన్నం, ఆరు కిలోల కోడికూర, ఒక పప్పు, పెరుగు పచ్చడి, సేమ్యా పాయసం సరిపోతాయి. పెద్ద గిన్నెలు నలుగురిని అడిగి తెచ్చుకోవచ్చు. ఒకరు ఉల్లిగడ్డలు కోస్తే ఒకరు పొయ్యి చూసుకుంటారు. యాభై వేల విందు ఐదారు వేలలో ముగుస్తుంది. అదికూడా లేనివారు పూజ తరువాత అందరికీ చాయ్, బిస్కెట్ ఇవ్వండి. అదీ లేకపోతే చేతులు జోడించి నమస్కారం పెట్టండి. బిడ్డ దేవుని బిడ్డ కావడానికి ఏమీ తక్కువకాదు.

పర్మినెంటు ఉద్యోగంలో ఉన్న కుటుంబాలతో ఒక మాట. ఈ మార్పు మీ ఇంటినుండే మొదలు కావాలి. లేనివారు చిన్న విందు చేస్తే "పాపం, లేక" అంటారు. ఉన్నవారు చిన్న విందు చేస్తే అది పద్ధతి అవుతుంది. ఈసారి మీ బిడ్డ విందు నలభైమందికి తగ్గించండి. మిగిలిన డబ్బు మీదే, దాచుకోండి. కాని మీరు తగ్గించిన ఆ మెట్టుమీద మీ పక్క బెంచీలోని సోదరుడు తల ఎత్తుకుని నిలబడగలుగుతాడు. లక్ష రూపాయల దానంకన్నా అది పెద్ద దానం.

కాంట్రాక్టు పనిమీద బ్రతుకుతున్న కుటుంబాలతో మరొక మాట. పిలిస్తే వెళ్ళండి. ఉత్తచేతులతోనైనా వెళ్ళండి. మీరు రాని విందు పెట్టినవారికి కూడా లోటే. బిడ్డను ఇంట్లో దాచుకోకుండా వచ్చే ఆదివారమే విచారణ గురువుగారితో మాట్లాడండి.

1223లో పునీత అస్సీసి ఫ్రాన్సిసువారు గ్రేచ్చియో అనే గ్రామంలో క్రీస్తు జయంతిని కళ్ళకు కట్టినట్లు చూపించాలని కోరుకున్నారు. అందుకు ఆయన సిద్ధం చేయించినవి ఒక తొట్టి, కొంత ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. చుట్టుపక్కల ఊళ్ళవారు తమ తమ దివిటీలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. ఆ రాత్రి విందు ఖర్చు ఎంతో ఎవరూ రాయలేదు. కాని ఎనిమిదివందల ఏళ్ళు దాటినా ప్రపంచమంతటా ఇళ్ళలో పశువుల పాకలు కడుతూనే ఉన్నారు.

డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినం, మరి రెండు రోజులకు క్రీస్తు జయంతి. ఆలోపల ప్రతి కుటుంబం రెండు పనులు చేయాలని కోరుతున్నాము. చేతితో చేసిన ఒక కానుకను, తిరిగి ఇవ్వలేని ఒక ఇంటికి పంపండి. అప్పుకు భయపడి జ్ఞానస్నానం వాయిదా వేసుకున్న బిడ్డ మీ వరుసలో ఉంటే, ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళి, "రండి, మేమూ వస్తాం, వంట కలిసి చేద్దాం" అని చెప్పండి.

పశువుల తొట్టిలో పవ్వళించిన బాలయేసు మీ ఇళ్ళను దీవించునుగాక. ఆమెన్.