తప్పు దిద్దుకొను విద్య



జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు దిగంబరులు శ్రుతపంచమిని, కార్తీక శుద్ధ పంచమినాడు శ్వేతాంబరులు జ్ఞానపంచమిని జరుపుకొందురు. ఆనాడు గ్రంథములను ధూళి దులిపి, పీటపై నుంచి పూజింతురు. పిల్లలును తమ పుస్తకములను, కలములను తెచ్చి అచ్చటనే పెట్టుదురు. మరునాడు పెద్దల గ్రంథములు బీరువాలోనికి, పిల్లల పుస్తకములు సంచిలోనికి పోవును. పుస్తకమునకు జరిగిన మర్యాద, ఆ పుస్తకమును చదువు బిడ్డకు జరుగుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము శ్రుతపంచమి కథలోనే కలదు.

మహావీరస్వామి నిర్వాణానంతరము ఆరు శతాబ్దములకు పైగా ఆగమము గురుముఖమునుండి శిష్యునకు, శిష్యునినుండి ప్రశిష్యునకు నోటిమాటగా వచ్చుచుండెను. కాలక్రమమున ధారణాశక్తి తగ్గి శ్రుతము క్షీణింపసాగెను. సౌరాష్ట్రమున గిరినగరమందలి చంద్రగుహలో ధరసేనాచార్యులు నివసించుచుండిరి. వృద్ధులైన ఆ మహనీయులకు, తమతోనే ఈ విద్య అంతరించునేమో యను దిగులు కలిగెను. దక్షిణాపథమున సమావేశమైన ఆచార్యులకు వారు లేఖ పంపగా, ఆ ఆచార్యులు ఇద్దరు మునులను ఎంచి పంపిరి. వారు ఆంధ్రదేశమందలి వేణానదీ తీరమునుండి పంపబడిరని వీరసేనాచార్యుల ధవళాటీక చెప్పుచున్నది. తెలుగువారికి ఇది మరువరాని మాట.

ధరసేనులు వారికి వెంటనే పాఠము చెప్పలేదు. ఇద్దరికి రెండు మంత్రముల నిచ్చి, రెండు దినముల ఉపవాసముతో సాధింపుడనిరి. ఒక మంత్రమున ఒక అక్షరము ఎక్కువ. రెండవదానిలో ఒక అక్షరము తక్కువ. ఆ సంగతి మాత్రము చెప్పలేదు. సాధన ముగియగా ఇద్దరు దేవతలు కనిపించిరి. ఒక దేవతకు పండ్లు బయటకు పొడుచుకొని యున్నవి; రెండవ దేవతకు ఒకటే కన్ను. దేవతలకు అంగవైకల్య ముండదు గదా యని మునులిద్దరు ఆలోచించిరి. మంత్రములను వ్యాకరణరీతిని పరిశీలించి, ఎక్కువైన అక్షరమును తీసివేసి, తక్కువైన అక్షరమును చేర్చి, మరల జపించిరి. దేవతలు తమ సహజరూపముతో దర్శనమిచ్చిరి. జరిగినదంతయు మునులు గురువునకు విన్నవించిరి. గురువు సంతసించి, శుభముహూర్తమున పాఠము ప్రారంభించిరి. ఆ శిష్యులే పుష్పదంత, భూతబలి ఆచార్యులు. వారు రచించిన షట్ఖండాగమము ముగిసిన దినమే శ్రుతపంచమి. ధవళాటీకతో కూడిన ఆ గ్రంథపు తాళపత్రములు మూడబిదిరె బసదిలో శతాబ్దములపాటు భద్రముగా నిలిచి, 1939 నుండి ముద్రణ రూపమున లోకమునకు వెలువడినవి.

ఈ కథలో గమనింపవలసినది, గురువు పరీక్షించిన విషయము. ఎంత కంఠస్థము వచ్చునని వారు చూడలేదు. ఇచ్చిన అక్షరములను వల్లించుటయే చదువైనచో, ఒంటికంటి దేవతయే చాలియుండును. తప్పు కనబడినపుడు దానిని గుర్తింతురా, దిద్దుకొందురా, దిద్దుకొన్న తరువాత దాచక చెప్పుదురా? గురువు చూచినది ఇది. దేవత వికలాంగి కాదను నమ్మకము సమ్యగ్దర్శనమునకు పోలిక. అక్షరదోషమును పట్టుకొన్న పరిశీలన సమ్యగ్జ్ఞానమునకు, మరల కూర్చుండి జపించిన ఓర్పు సమ్యక్చారిత్రమునకు పోలిక. నమ్మకము, తెలివి, నడవడి యను మూడును కలిసినగాని విద్య కాదు. నేటి పరీక్షలు రెండవదానినే, అదియు కొంతవరకే, కొలుచుచున్నవి. తక్కిన రెండింటి బరువు ఇంటిపైనే పడినది.

వర్తక కుటుంబములకు ఇది తెలియని విషయము కాదు. సాయంకాలము చిట్టా కట్టునపుడు లెక్కలో వంద రూపాయలు తేడా వచ్చిన దనుకొనుడు. అంగడిలో కూర్చున్న కుమారుడు భయపడుచు, "నాన్నగారూ, తప్పు నాదే. ఒక పద్దు రెండుసార్లు రాసినట్టున్నాను" అనును. తండ్రి కేకలు వేసినచో, ఆ బాలుడు మరునాటినుండి లెక్క సరిగా వ్రాయుట నేర్చుకొనడు. తేడాను కప్పిపుచ్చుట నేర్చుకొనును. "ఎక్కడ తప్పిందో నువ్వే చూడు, బాబూ. అంతవరకు అంగడి కట్టెయ్యకుండా కూర్చుంటాను" అని తండ్రి అనినచో, ఆ రాత్రి ఒక గంట నష్టమగును, ఒక మనిషి మిగులును. అదే తండ్రి పాఠశాల మార్కుల పత్రము చూచినపుడు ధరసేనుల మార్గమును మరచుట వింత. అంగడిలో తప్పు ఒప్పుకొన్న గుమాస్తాను మెచ్చుకొని, ఇంటిలో తప్పు ఒప్పుకొన్న బిడ్డను దండించుట ఏ న్యాయము?

అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను శాస్త్రకారులు చెప్పిరి: కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములను నిరోధించుట. ఎద్దును, పనివానిని దృష్టిలో నుంచుకొని శ్రావకుడు వీనిని విడుచుచున్నాడు. ఈ ఐదింటిని ఒకమారు బిడ్డవైపు త్రిప్పి చూడుడు. ఆటపాటలు లేకుండ పుస్తకము ముందు కూర్చుండబెట్టుట కట్టివేయుటయే. కొట్టుట స్పష్టమే. "ఎదురింటివాడికి వచ్చిన ర్యాంకు నీకెందుకు రాలేదు?" అను మాట మనస్సును కోయును. వయస్సునకు మించిన చదువు అతిభారము. మార్కులు తగ్గినవని అన్నము దగ్గర ముఖము చాటువేయుట అన్ననిరోధము. 2009 విద్యాహక్కు చట్టపు 17వ విభాగము పాఠశాలలో శరీరదండనను, మానసిక వేధింపును నిషేధించినది. ఇంటిలో ఆ పని అణువ్రతము చేయవలెను. చీమను తొక్కకుండ నడచు పాదములు గల యింటిలో బిడ్డ భయముతో ముడుచుకొని పండుకొనరాదు.

ఎట్లు బోధింపవలె నను దానికి స్వాధ్యాయపు ఐదంగములే మార్గము: వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. చదువుట, అడుగుట, మనస్సులో త్రిప్పుకొనుట, శుద్ధముగా వల్లించుట, ఇతరులకు చెప్పుట. వల్లించుట ఐదింటిలో ఒకటి మాత్రమే. అడుగుటకు రెండవస్థానము లభించినది. ఇంద్రభూతి గౌతముడంతటి గణధరుడు స్వామిని అడుగుచునే యుండెను. వ్యాఖ్యాప్రజ్ఞప్తిలో 36,000 ప్రశ్నలు కలవని సంప్రదాయము. రాత్రి భోజన మెందుకు మానవలెనని పదేండ్ల బాలిక అడిగినపుడు "పెద్దలు చెప్పారు, నోరుమూసుకో" అనువారు పృచ్ఛనను మూసివేయుచున్నారు.

బాలికల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. ఋషభదేవుడు తన కుమార్తెలలో బ్రాహ్మికి లిపిని, సుందరికి అంకెలను నేర్పెనని పురాణప్రసిద్ధి. ఆడపిల్లకు లెక్క లెందుకని అడుగు శ్రావకుడు, ఆ లెక్కలను ఆదినాథుడు మొదట ఎవరి చేతిలో పెట్టెనో తెలిసికొనవలెను.

భాష మాటయు అట్టిదే. మహావీరస్వామి ఉపదేశము జనులు మాటాడు అర్ధమాగధిలో సాగినదని ఆగమప్రసిద్ధి. పదవ శతాబ్దిలో జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతో పాటు తెలుగు కందపద్యములు కలవు. బళ్లారిలోనో, మద్రాసులోనో, బరంపురములోనో, యానాములోనో కాపురమున్నను, బిడ్డ బడిలో ఏ భాష చదివినను, అవ్వ ఒడిలో విను ధర్మకథ తెలుగులో నుండుట మంచిది. అర్థముకాని భాషలో వల్లించిన వ్రతము నాలుకపై నిలుచును. అర్థమైన మాటయే చేతిలోనికి దిగును.

చేతిలోనికి దిగవలసినది ఏమి? అస్తేయవ్రతమును చెప్పునపుడు శాస్త్రకారులు దొంగసొత్తు కొనుటను, తూనికలు కొలతలు మార్చుటను, సరుకులో కల్తీని దోషములుగా ఎన్నిరి. బిడ్డ బడిలో నేర్చిన నీతిపాఠము, తండ్రి కాటా దగ్గర పరీక్షకు వచ్చును. పాఠమున ఒక మాట, త్రాసులో ఒక మాట అయినచో, అది ఒక అక్షరము తక్కువైన మంత్రమే. అట్టి మంత్రముతో వచ్చు లక్ష్మికి ఒకటే కన్ను ఉండును.

కావున రాబోవు పంచమినాడు గ్రంథపూజ ముగిసిన పిమ్మట ప్రతి గృహస్థుడు మూడు పనులు చేయవచ్చును. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తాను ఆ సంవత్సరము చేసిన తప్పు నొకదానిని, దానిని దిద్దుకొన్న విధమును చెప్పవలెను. బిడ్డ అడిగిన ఒక ప్రశ్నకు కోపింపక సమాధానము వెదకవలెను. తన అంగడిలో పనిచేయు గుమాస్తా బిడ్డకు ఎవరికిని చెప్పక పుస్తకములు కొనియీయవలెను. అత్తిమబ్బె శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిన శాస్త్రదానమునకు ఇది చిన్న అనుకరణము.

గిరినగరపు గుహలో ఆ వృద్ధగురువు వెదకినది తప్పు చేయని శిష్యులను కాదు, దిద్దుకొనగల శిష్యులను. అట్టి బిడ్డలు ప్రతి గృహమున పెరుగుదురు గాక!

జయ జినేంద్ర!